జారి చేరిన మట్టి

రాంచీ నగరం నడిబొడ్డున ఒక కూడలిలో సైనికుని విగ్రహం ఉంది. అక్కడి ఒక దుకాణం పేరు మీద ఆ కూడలిని పూర్వం ఫిరాయాలాల్ చౌక్ అనేవారు. పాతకాలపు వాళ్ళ నోట నేటికీ అదే పేరు వినిపిస్తుంది. ప్రభుత్వ రికార్డులలో మాత్రం అది ఆల్బర్ట్ ఎక్కా చౌక్. మన ప్రాంతం నుండి ఆ వైపు సేవకు వెళ్ళిన మఠకన్యలు, ఉపాధ్యాయులు ఎన్నోసార్లు ఆ కూడలి దాటే ఉంటారు.

ఆల్బర్ట్ ఎక్కా 1971 యుద్ధంలో ప్రాణమిచ్చిన లాన్స్ నాయక్. మరణానంతరం పరమవీర చక్ర పొందారు. ఆదివాసి. కతోలిక కుటుంబంలో పుట్టినవారు. పరమవీర చక్ర గ్రహీతల జాబితాలో ఈ పేరు ఒక్క పంక్తిలో కనిపిస్తుంది, పిల్లలు దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తారు. ఆ పంక్తి వెనుక ఒక ఊరు ఉంది, ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో నలభై నాలుగేళ్ళు ఎదురుచూసిన ఒక భార్య ఉంది. ఈ వారం వారి సంగతి చెప్పుకుందాం.

ఆ ఊరి పేరు జారి. నేటి జార్ఖండ్ రాష్ట్రం గుమ్లా జిల్లాలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గరలో ఉంది. ఆల్బర్ట్ పుట్టేనాటికి అది బీహారులోని రాంచీ జిల్లా కిందికి వచ్చేది. చుట్టూ గుట్టలు, సాల వృక్షాల అడవులు, వాటి నడుమ వాన మీద ఆధారపడిన వరి మడులు. అక్కడి జనంలో ఎక్కువమంది ఉరావ్ తెగవారు. వారి భాష కుడుఖ్. అది మన తెలుగుకు దూరపు చుట్టమే, రెండూ ద్రావిడ భాషలే. మనం మూడు అనేదాన్ని వారు మూంద్ అంటారు, నాలుగును నాఖ్ అంటారు. మన కన్ను వారికి ఖన్. ఉత్తర దేశపు అడవుల్లో, చుట్టూ హిందీ మాట్లాడే జనం మధ్య, మన ఇంటి మాటల పోలికలు వినిపించడం ముచ్చటైన విషయం.

ఎక్కా అంటే తాబేలు. ఉరావుల వంశాలకు జంతువుల పేర్లు, పక్షుల పేర్లు, మొక్కల పేర్లు ఉంటాయి. మిన్జ్ అంటే చేప, టొప్పో అంటే వడ్రంగిపిట్ట. తమ వంశానికి పేరిచ్చిన ప్రాణిని ఆ వంశంవారు చంపరు, తినరు. జ్ఞానస్నానం పొందిన తరువాత కూడా ఈ వంశనామాలను వారు వదులుకోలేదు. ఆల్బర్ట్ అన్నది తిరుసభ ఇచ్చిన పేరు, ఎక్కా అన్నది తాతముత్తాతలు ఇచ్చిన పేరు.

ఆ ప్రాంతాన్ని బర్వే అంటారు. అక్కడికి విశ్వాసం చేరిన కథ కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. బెల్జియం దేశస్థుడైన యేసు సభ గురువు కాన్‌స్టంట్ లీవెన్స్ 1885లో ఛోటానాగ్‌పూర్ వచ్చారు. జమీందార్ల చేతిలో భూములు పోగొట్టుకుంటున్న ఆదివాసులకు కోర్టు వ్యాజ్యాలలో అండగా నిలబడ్డారు. గుర్రం మీద ఊరూరు తిరిగారు. ఆ దశాబ్దం ముగిసేలోగా బర్వే గ్రామాలు వేల సంఖ్యలో జ్ఞానస్నానం కోరి వచ్చాయి. క్షయవ్యాధితో ఆయన స్వదేశం వెళ్ళి 1893లో, 37 ఏళ్ళ ప్రాయంలోనే మరణించారు. సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1993లో, ఆయన అవశేషాలను బెల్జియం నుండి రాంచీకి తీసుకువచ్చారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరలో దీనితో పని పడుతుంది. బర్వేకు చెందిన చైన్‌పూర్ ప్రాంతంలోనే 1939లో తెలెస్ఫోర్ టొప్పో పుట్టారు. ఆయనే తరువాత రాంచీ అగ్రపీఠాధిపతి అయ్యారు, 2003లో కార్డినల్ అయ్యారు, 2023లో ప్రభువు సన్నిధికి చేరారు.

టొప్పో గారి కంటే మూడేళ్ళు చిన్నవాడు ఆల్బర్ట్. 1942 డిసెంబరు 27న జారిలో జూలియస్ ఎక్కా, మరియం ఎక్కా దంపతులకు జన్మించారు. క్రిస్మసు పండుగ వెళ్ళిన రెండో రోజు, అపోస్తలుడు పునీత యోహాను గారి పండుగ రోజు అది. అందరు ఉరావ్ పిల్లల మాదిరే పొలంలో, అడవిలో పెరిగారు. విల్లు, బాణం చేతపట్టి వేటకు వెళ్ళడం ఆయనకు మహా ఇష్టం. చప్పుడు కాకుండా నేల మీద పాకుతూ పోవడం, ఆకు కదలికను బట్టి జంతువు జాడ పట్టడం ఆ ఊళ్ళలో ఎవరూ బడిపెట్టి నేర్పరు. రెండో ఇష్టం హాకీ. ఆ ప్రాంతాల్లో హాకీ అంటే ప్రాణం పెడతారు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా కూడా ఆ ఛోటానాగ్‌పూర్ బిడ్డే.

ఆల్బర్ట్ సైన్యంలో చేరిన తేదీ 1962 డిసెంబరు 27. అంటే సరిగ్గా తన ఇరవయ్యవ పుట్టినరోజు. చైనాతో యుద్ధం ముగిసి అప్పటికి నెల రోజులు. దేశం అవమానంతో కుమిలిపోతున్న కాలం, ఊరూరా యువకులు సైన్యంలో చేరుతున్న కాలం. బీహార్ రెజిమెంటులో ఆయన సైనిక జీవితం ప్రారంభమయింది. 1968 జనవరిలో గార్డ్స్ దళానికి పద్నాలుగో బెటాలియనును కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు ఆయనను అందులోకి మార్చారు. ఈశాన్య కొండల్లో తిరుగుబాటుదారులను అదుపు చేసే పనిలో కొంతకాలం గడిపారు. ఈ మధ్యలోనే పెళ్ళయింది. భార్య పేరు బలమదీనా. ఒక కొడుకు పుట్టాడు. సిపాయి సంసారం ఎలా ఉంటుందో మన విచారణల్లోని సైనిక కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఏడాదికోసారి సెలవు, ఆ సెలవు మీదే ఇంటిల్లిపాది లెక్కలన్నీ. 1971లో యుద్ధానికి సన్నద్ధమవుతున్న రోజుల్లో ఆల్బర్ట్‌కు లాన్స్ నాయక్ హోదా వచ్చింది. సైన్యపు నిచ్చెనలో అది చాలా కింది మెట్టే.

ఆ యుద్ధం ఎందుకు వచ్చిందో నేటి యువతకు అంతగా తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. 1971 మార్చి చివర నుండి తూర్పు పాకిస్తానులో సైన్యం సాగించిన దమనకాండకు భయపడి దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. చిన్న రాష్ట్రం త్రిపుర జనాభా అప్పట్లో 15 లక్షల పైచిలుకు. అక్కడికి చేరిన శరణార్థులు దాదాపు అంతమంది. ప్రతి ఇంటివారికీ ఇంకొక ఇల్లు వచ్చి పడిందన్నమాట. రాజధాని అగర్తలా సరిగ్గా సరిహద్దు మీద ఉంటుంది. అవతలి వైపు నుండి ఫిరంగి గుండ్లు వచ్చి పట్టణంలో పడేవి. సరిహద్దు దాటగానే అఖౌరా రైల్వే జంక్షన్, దానికి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో గంగాసాగర్. గంగాసాగర్ అనగానే బెంగాలు తీరంలో సంక్రాంతి స్నానాలు చేసే దీవి గుర్తుకొస్తుంది. ఇది అది కాదు, నేటి బంగ్లాదేశ్‌లోని ఒక చిన్న రైల్వే స్టేషను. ఢాకా వైపు పోవాలంటే అఖౌరా కావాలి, అఖౌరా కావాలంటే గంగాసాగర్ చేతికి రావాలి. శత్రువు అక్కడ మందుపాతరలు పెట్టి, బంకర్లు కట్టి, మర తుపాకులతో కాచుకుని ఉన్నాడు. చుట్టూ బురద నేల. కాస్త గట్టిగా ఉన్నది రైలు కట్ట ఒక్కటే.

డిసెంబరు 3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంతపు వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. యుద్ధం మొదలయింది. ఆ రాత్రే, తెల్లవారితే 4వ తేదీ అనగా, పద్నాలుగో గార్డ్స్ దళం గంగాసాగర్ మీద దాడికి కదిలింది. డిసెంబరు 3 మనకు పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పండుగ. మన పల్లెల్లో శౌరయ్యలకు, శౌరీలకు పేరు పెట్టిన ఆ మహనీయుని పండుగ రాత్రి ఆల్బర్ట్ ఆ బురదలో నడిచారు.

ఆయన దాడికి ఎడమ పక్కన ముందు నడిచే కంపెనీలో ఉన్నారు. దగ్గరికి చేరేసరికి తుపాకి గుండ్ల వాన మొదలయింది, పోరాటం చేతి దూరంలోకి వచ్చేసింది. ఒక బంకరులోని తేలికపాటి మెషిన్‌గన్ ఆ కంపెనీ సైనికులను కూల్చేస్తోంది. ఆల్బర్ట్ దాన్ని చూశారు. తుపాకి మొనకు బాయినెట్ బిగించి ఆ బంకరు మీదికి దూకారు. లోపలున్న ఇద్దరినీ చంపి ఆ తుపాకి నోరు మూయించారు. ఆ దాడిలో ఆయనకు పెద్ద గాయమే అయింది. అక్కడే ఆగిపోయి ఉంటే తప్పుపట్టేవారెవరూ ఉండరు. గాయపడిన సైనికుణ్ణి వెనక్కి పంపడం సైన్యంలో మామూలే. ఆయన ఆగలేదు. తోటివారితో కలిసి ఒక మైలు లోతున ఒక్కొక్క బంకరూ ఖాళీ చేయించుకుంటూ ముందుకు సాగారు.

ఉత్తరపు కొసకు వచ్చాక, గట్టిగా కట్టిన ఒక భవనం రెండో అంతస్తు నుండి మరొక మెషిన్‌గన్ పేలసాగింది. ఇది మొదటిదానికంటే పెద్దది. మళ్ళీ మనవాళ్ళు కూలుతున్నారు, దాడి నిలిచిపోయింది. నెత్తురు ఓడుతున్న ఆల్బర్ట్ నేల మీద పాకుతూ ఆ భవనం దగ్గరికి చేరారు. చిన్ననాటి వేట నేర్పిన పాకుడే అది. లోపలికి ఒక గ్రెనేడు విసిరారు. ఒకడు చనిపోయాడు, ఒకడు గాయపడ్డాడు, తుపాకి మాత్రం ఆగలేదు. అప్పుడు పక్క గోడ ఎక్కి బంకరులో దూరి, తుపాకి పేలుస్తున్నవాణ్ణి బాయినెట్‌తో పొడిచారు. ఆ తుపాకి ఆగింది. గంగాసాగర్ మన దళం వశమయింది. ఆ తరువాతనే, ఒళ్ళంతా గాయాలతో, ఆల్బర్ట్ ప్రాణం విడిచారు. ఇరవై తొమ్మిదో ఏడు నిండడానికి ఇంకా మూడు వారాలు ఉంది.

మరుసటి రోజు, డిసెంబరు 5న, అఖౌరా పడిపోయింది. అగర్తలా మీద ఫిరంగి గుండ్లు పడడం ఆగింది. అదే దారిన మన సేన మేఘనా నది వైపు సాగింది. డిసెంబరు 16న ఢాకాలో 93,000 మంది లొంగిపోయారు.

ఒక గురువుగా పై పేరాలు రాసేటప్పుడు నా చెయ్యి కాస్త తడబడుతుందని చెప్పడానికి సంకోచించను. బాయినెట్‌తో పొడవడం గురించి మన పత్రికలో రాయడం సులువు కాదు. చనిపోయిన ఆ అవతలివారికీ తల్లులు ఉన్నారు, ఎక్కడో పంజాబు పల్లెల్లోనో సరిహద్దు కొండల్లోనో వారి కోసం కూడా ఎవరో ఏడ్చారు. వీరగాథలు రాసేవారు సామాన్యంగా ఈ మాట దాటవేస్తారు. మనం దాటవేయకూడదు. అలాగని సైనికుని పనే పాపమని తేల్చేయడం కూడా తిరుసభ బోధ కాదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు గారి గ్రంథంలో ధైర్యమనే సుగుణం గురించిన భాగం చదివాం. మరణభయాన్ని ఎదుర్కోవడమే ధైర్యానికి అసలు పరీక్ష అనీ, న్యాయమైన యుద్ధంలో సర్వుల మేలు కోసం చావుకు ఎదురునిలవడం అందులోకి వస్తుందనీ ఆయన వాదిస్తారు. రెండవ వాటికన్ మహాసభ కూడా, ప్రజల భద్రత కోసం దేశానికి సేవచేసే సైనికులు ఆ పనిని సక్రమంగా చేసినప్పుడు శాంతికి తోడ్పడినవారే అవుతారని బోధించింది. ఆ రాత్రి ఆ రెండు తుపాకులు ఆగకపోతే జారి లాంటి ఇంకెన్ని ఊళ్ళకు తంతులు వెళ్ళేవో ఆలోచించండి. ఆల్బర్ట్ రెండోసారి పాకుతూ వెళ్ళింది అవతలివాని మీద పగతో అని నేను అనుకోను. తన వెనుక నేలకు అంటుకుపోయి పడుకున్న తోటివారి కోసం వెళ్ళారు.

ఇంకొక చిన్న విషయం. ఉత్తరాదిలో యుద్ధంలో చనిపోయిన సైనికుణ్ణి షహీద్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు మూలార్థం సాక్షి. గ్రీకు భాషలో మార్టిర్ అన్న మాటకూ అదే అర్థం. మనం తెలుగులో విశ్వాసం కోసం చనిపోయినవారిని వేదసాక్షులు అంటాం, దేశం కోసం చనిపోయినవారిని అమరవీరులు అంటాం. రెంటికీ వేరు మాటలు ఉండడం మంచిదే. ఆల్బర్ట్ వేదసాక్షి కాదు, ఆయనను అలా పిలవనక్కరలేదు. మనందరి మాదిరే ఆయన ఆత్మకూ పూజలు, ప్రార్థనలు కావాలి. నవంబరు నెలలో మృతుల కోసం పూజ చెప్పించేటప్పుడు మన బంధువుల పేర్లతోపాటు ఇలాంటి పేరొకటి రాసి ఇస్తే ఏ గురువూ కాదనరు.

ఆ యుద్ధంలో నలుగురికి పరమవీర చక్ర వచ్చింది. తూర్పు రంగంలో పోరాడినవారిలో ఆల్బర్ట్ ఒక్కరికే దక్కింది. అప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది మన తెలుగువారైన వి.వి. గిరి గారు. ఆ తరువాత గౌరవాలకు లోటు లేదు. రాంచీలో చౌక్ వచ్చింది. 2000లో తపాలా బిళ్ళ వచ్చింది. స్వగ్రామమైన జారి పేరుతో ఏర్పడిన బ్లాకుకు ఆయన పేరు చేర్చారు. అగర్తలాలో ఆయన పేరు మీద ఉద్యానవనం వెలసింది. తమ పట్టణాన్ని ఆ రాత్రి ఎవరు కాపాడారో అగర్తలావారు మరచిపోలేదు. 2023 జనవరి 23న అండమానులో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి ఆల్బర్ట్ ఎక్కా దీవి అయింది. సముద్రం ఎరుగని ఊరివాడి పేరు సముద్రం మధ్యలో నిలిచింది.

ఇదంతా ఒక వైపు. రెండో వైపు బలమదీనా ఉన్నారు.

భర్త చనిపోయేనాటికి ఆమె చంకలో పసివాడు. పతకం వచ్చింది, భర్త దేహం రాలేదు. యుద్ధం సాగుతున్న రోజులవి. చనిపోయినవారిని అక్కడికక్కడే, అగర్తలా సమీపంలో, సైన్యమే భూస్థాపితం చేసింది. జారి నుండి అగర్తలా వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరం. కొండదారులు, అడవిదారులు, రెండు మూడు రైళ్ళు మారాలి. ఒక పల్లె వితంతువు బిడ్డను ఎత్తుకుని అలాంటి ప్రయాణం చేయగలదా? భర్త సమాధి మీద పిడికెడు పూలు చల్లే అవకాశం కూడా ఆమెకు చిక్కలేదు. పరమవీర చక్ర ఉన్న ఆ ఇంట్లో లేమి ఎలా ఉండేదో పత్రికలు అప్పుడప్పుడు రాసేవి. డిసెంబరు 3 వస్తే నాయకులు రావడం, దండ వేయడం, వాగ్దానం చేయడం, వెళ్ళిపోవడం. ఆమె అడిగినది ఆస్తి కాదు. భర్త కలిసిన మట్టిని ఊరికి తెచ్చి ఇమ్మన్నారు.

ఈ కోరిక లోతు మనకు అర్థం కావాలంటే ఉరావుల పాత ఆచారం ఒకటి తెలియాలి. ఎక్కడ చనిపోయినా సరే, మృతుని ఎముకలను తమ పూర్వీకుల ఊరికి తెచ్చి, వంశానికి చెందిన స్థలంలో కలపాలి. అప్పుడే ఆ మనిషి తాతముత్తాతలను చేరుకున్నట్టు. క్రైస్తవులైన తరువాత సమాధుల తోట ఆ స్థానంలోకి వచ్చింది, ప్రార్థన మారింది. మనిషి తన వారి మధ్యకు చేరాలనే ఆరాటం మాత్రం అలాగే ఉంది. పాత నిబంధనలో యోసేపు కూడా తన ఎముకలను ఐగుప్తులో విడిచిపోవద్దని సహోదరులతో ప్రమాణం చేయించుకున్నాడు గదా. లీవెన్స్ గురువు అవశేషాలు బెల్జియం నుండి సముద్రాలు దాటి రాంచీ వస్తే జనం ఎంత సంబరపడ్డారు! ఆ గురువు విశ్వాసం నాటిన ఊరి బిడ్డ మాత్రం స్వదేశంలోనే ఉండి ఇంటికి రాలేకపోయాడు.

2015 డిసెంబరులో, వర్ధంతి సందర్భంగా, ఒక కలశంలో మట్టి తెచ్చి ఆ కుటుంబానికి అందించే ప్రయత్నం జరిగింది. ఇన్నేళ్ళ నిరీక్షణ తరువాత అది అందుకుని మురిసిపోతారని అందరూ అనుకుని ఉంటారు. కుటుంబంవారు తీసుకోలేదు. ఆ మట్టి నిజంగా ఆల్బర్ట్ సమాధిదేనా అని వారికి సందేహం కలిగింది. దీనిని మొండితనం అన్నవారు ఉంటే ఉండవచ్చు. నా మట్టుకు నాకు ఆ ఇంటివారు చేసిన పని సబబుగానే తోచింది. నలభై నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి ఏ మట్టి పడితే ఆ మట్టిని భర్త అనుకుని ఎలా గుండెకు హత్తుకుంటుంది? వేదిక మీద కలశం అందించేవారికి అది ఒక కార్యక్రమం, ఆమెకు అది ఆయనే.

చివరకు ఆ కుటుంబంవారితో కూడిన బృందమే త్రిపుర వెళ్ళింది. పసివాడిగా తండ్రిని పోగొట్టుకున్న కొడుకు నడివయసులో తండ్రి సమాధి దగ్గర నిలబడ్డాడు. అక్కడి మట్టి తీసుకున్నారు. 2016 జనవరిలో ఆ మట్టి జారి చేరింది. వృద్ధురాలైన బలమదీనా దానిని అందుకున్నారు.

అయిదేళ్ళ తరువాత, 2021లో, ఆమె కన్నుమూశారు.